శివారు నుంచి ఎగువకు

నాగాయలంక వైపు శివారు పొలంలో నారుమడి బీటలు తీస్తుంటే రైతు ఆ మడిని తవ్వి చూడడు. తువ్వాలు తలకు చుట్టుకుని బోదె గట్టున ఎగువకు నడుస్తాడు. ముందు పక్క పొలం వైపు ఓ చూపు వేస్తాడు. అక్కడ నీళ్లుంటే తేడా తన బోదెలోనే ఉంది. అక్కడా లేకపోతే ఇంకా పైకి పోవాలి. తూము పూడిందేమో చూస్తాడు, చానల్లో గుర్రపుడెక్క పేరుకుందేమో చూస్తాడు. లాకు దగ్గర లష్కరు కనిపిస్తే, "బాబాయ్, పైన ఎంత వదిలారు?" అని అడుగుతాడు. దివిసీమకు వచ్చే నీరు పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీది ఆక్విడక్టు దాటి రావాలి. దానికి పైన కాలువ, అన్నిటికీ పైన విజయవాడలో ప్రకాశం బ్యారేజి. ఎండింది తన మడే అయినా, కారణం ఈ దారిలో ఎక్కడైనా ఉండొచ్చు.

1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ కృష్ణా డెల్టా రైతుకు ఈ నడక తెలుసు. 1957లో బ్యారేజి వచ్చాక కూడా నడక మారలేదు. కంప్యూటరు ముందు కూర్చునే మనం మాత్రం దీన్ని ఇంకా నేర్చుకోలేదు. ఫైలు తెరుచుకోకపోతే యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తాం. అప్పటికీ తెరుచుకోకపోతే మళ్లీ ఆపుతాం. ఎండిన మడిని తవ్వడమంటే ఇదే.

బందరులోనో గుడివాడలోనో ఒక కాలేజీ ల్యాబును ఊహించుకోండి. ముప్పై కంప్యూటర్లు, పక్క గదిలో ఒక సర్వరు. పిల్లల ఫైళ్లన్నీ ఆ సర్వరు డిస్కులోనే ఉంటాయి. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా తమ ఫైళ్లు తమకు కనిపిస్తాయి. సోమవారం ఉదయం మొదటి పీరియడులో మూలనున్న అమ్మాయి చెయ్యెత్తి, "సార్, నాది కదలట్లేదండీ" అంటుంది. తెరమీద బాణం గుర్తు కదులుతూనే ఉంది. ఫోల్డరు మీద నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఈ అధ్యాయం ఆ అమ్మాయి కుర్చీలోంచి మొదలై సర్వరు దాకా నడుస్తుంది.

దూరపు డిస్కు, దగ్గరి ఫోల్డరు

ఆ ల్యాబులో ఫైళ్లను మోసుకొచ్చే ఏర్పాటు పేరు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, పొట్టిగా ఎన్‌ఎఫ్‌ఎస్. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ 1984లో దీన్ని తయారుచేసింది. అప్పట్లో డిస్కులు చాలా ఖరీదు. ప్రతి యంత్రానికీ ఒకటి కొనే కన్నా ఒక పెద్ద డిస్కును అందరూ వాడుకునేలా చేస్తే ఖర్చు తగ్గుతుంది. డిస్కే లేని యంత్రాలను కూడా సన్ కంపెనీ అమ్మేది. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో అందరికీ తెలిసేలా ప్రకటించడంతో మిగతా కంపెనీలూ దీన్ని అందిపుచ్చుకున్నాయి. 1995లో మూడో రూపం, 2000లో నాలుగో రూపం వచ్చాయి. ఈనాటికీ లినక్స్ సర్వర్లున్న చోట ఈ రెండే నడుస్తున్నాయి.

దీని కిటుకు ఒక్క మాటలో చెప్పొచ్చు. దూరంగా ఉన్న ఫోల్డరును మన యంత్రంలోని ఒక ఖాళీ ఫోల్డరు మీద అతికిస్తారు. ఈ అతికింపునే మౌంట్ చేయడం అంటారు. ఆ క్షణం నుంచి మనం వాడే ప్రోగ్రాములకు తేడా తెలియదు. "ఈ ఫైలు ఇవ్వు" అని ఎప్పటిలాగే అడుగుతాయి. యంత్రం లోపల ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఆ మాటను అర్జీగా రాసి తీగ మీద సర్వరుకు పంపుతుంది. జవాబు రాగానే ప్రోగ్రాము చేతిలో పెడుతుంది.

మూడో రూపం దాకా సర్వరుకు జ్ఞాపకం ఉండేది కాదు. నిన్న వచ్చినవాళ్లు ఎవరో, ఇందాక ఏమడిగారో రాసిపెట్టుకోని గుమాస్తా లాంటిది. అందుకే ప్రతి అర్జీలోనూ పూర్తి వివరం ఉండాలి: ఏ ఫైలు, ఎన్నో బైటు నుంచి, ఎన్ని బైట్లు. ఇదేదో లోపంలా అనిపిస్తుంది గానీ, తెలిసి చేసిన ఏర్పాటే. గుమాస్తా మధ్యలో లేచి వెళ్లి గంట తర్వాత తిరిగొచ్చినా పోయేదేమీ లేదు. అదే అర్జీ మళ్లీ పెడితే చాలు, పని అక్కడి నుంచే సాగుతుంది. మన అమ్మాయి తెర ఎందుకు కదలడం లేదో ఇక్కడే తెలుస్తుంది.

వరండాలో కూర్చున్న అర్జీదారు

జవాబు రానప్పుడు క్లయింటు, అంటే అర్జీ పెట్టిన యంత్రం, ఏం చేయాలి? రెండు దారులున్నాయి. ఒకటి, జవాబు వచ్చేదాకా అర్జీ పెడుతూనే ఉండడం. దీన్ని హార్డ్ మౌంట్ అంటారు. రెండోది, కొన్నిసార్లు అడిగి చూసి, "పని కాలేదు" అని ప్రోగ్రాముకు చెప్పేయడం. ఇది సాఫ్ట్ మౌంట్.

లినక్స్‌లో మనం ఏమీ చెప్పకపోతే నడిచేది మొదటి పద్ధతి. ఇప్పుడు వాడే టీసీపీ అనే కనెక్షన్ పద్ధతిలో ఒక్కో అర్జీకి 60 సెకన్ల గడువు ఇచ్చి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ పలుకు లేకపోతే యంత్రం తన దినచర్య పుస్తకంలో "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అని రాసుకుంటుంది. సర్వరు పలకడం లేదు, నేను అడుగుతూనే ఉన్నాను అని దానర్థం. ఆఫీసు తలుపు తీసేదాకా వరండా వదలని అర్జీదారు ఇది. ఆ ఫైలు కోసం ఎదురుచూసే ప్రోగ్రాము మామూలుగా ఆపమంటే ఆగదు. ఇప్పటి కెర్నళ్లలో దాన్ని బలవంతంగా చంపే ఆజ్ఞ ఒక్కటే పనిచేస్తుంది.

ఇది చూసి విసుగొచ్చి చాలామంది సాఫ్ట్ మౌంటుకు మారతారు. అక్కడే ప్రమాదం. ఫైలు సగం రాసిన చోట "పని కాలేదు" అన్న జవాబు వస్తే, దాన్ని జాగ్రత్తగా చూసుకునే ప్రోగ్రాములు తక్కువ. మార్కుల జాబితాలో సగం పేర్లు ఉంటాయి, సగం ఉండవు. ఎక్కడా ఎర్ర గుర్తు కనిపించదు. కదలని తెర కనీసం నిజం చెబుతోంది. సగం రాసిన ఫైలు అబద్ధం చెబుతుంది. చదవడానికి మాత్రమే వాడే ఫోల్డర్లకు సాఫ్ట్ మౌంటు పెట్టుకోవచ్చు. రాసే ఫోల్డర్లకు వద్దు.

కాబట్టి మొదటి పాఠం: కదలకపోవడం చావు కాదు. సర్వరు తిరిగొస్తే ఆ అమ్మాయి తెర దానంతటదే కదులుతుంది. బటన్ నొక్కి ఆపేస్తేనే ఆమె రాసింది పోతుంది. నాలుగో రూపంలో ఇంకో సంగతి ఉంది. ఈ రూపంలో సర్వరుకు జ్ఞాపకం ఉంది, ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఏది తాళం వేసుకున్నారో గుర్తుంచుకుంటుంది. అందుకని సర్వరు ఆగి లేచాక, పాత తాళాలున్నవాళ్లు వచ్చి చెప్పుకోవడానికి కాస్త గడువిస్తుంది. లినక్స్ సర్వరులో మామూలుగా అది 90 సెకన్లు. ఆ గడువులో కొత్తగా ఫైలు తెరవడం కుదరదు. "సర్వరు లేచింది కదా, ఇంకా రాదేంటి?" అని ఈ ఒకటిన్నర నిమిషంలోనే మళ్లీ ఆపేసేవాళ్లను చూస్తుంటాం. గడువు మళ్లీ మొదటికొస్తుంది.

గట్టు వెంట ఒక్కో లాకు

ఇక నడుద్దాం. మొదటి ప్రశ్న రైతుదే: పక్క పొలానికి నీళ్లొచ్చాయా? పక్క కుర్చీ యంత్రంలో ఫోల్డరు తెరుచుకుంటే సర్వరును వదిలేయండి, తేడా మీ యంత్రంలోనో మీ తీగలోనో ఉంది. వరసంతా ఆగిపోతే ఆ వరస తీగలన్నీ కలిసే నెట్‌వర్కు స్విచ్చిని చూడండి. గది మొత్తం ఆగితే సర్వరు గది తలుపు తీయండి. ఒక్క నిమిషం పట్టే ఈ ప్రశ్న సగం దారిని కొట్టేస్తుంది.

రెండోది తీగ. బందరు సముద్రగాలిలో ఉప్పు ఉంటుంది. తీగ కొనల్లోని రాగి పలకల మీద మకిలి పట్టడం ఇక్కడ కొత్త కాదు. నెట్‌వర్కు సాకెట్టు పక్కనున్న చిన్న దీపం వెలగకపోతే ఇక వేరే పరీక్షలతో పనిలేదు. తీసి గట్టిగా పెట్టండి, లేదా తీగ మార్చండి.

మూడోది చిరునామా. ప్రతి యంత్రానికీ నెట్‌వర్కులో ఒక ఐపీ నంబరు ఉంటుంది. అది 169.254తో మొదలైందంటే నంబర్లు పంచే యంత్రం మీకు దొరకలేదని, మీ కంప్యూటరు తనకు తానే ఏదో ఒక నంబరు పెట్టుకుందని అర్థం.

నాలుగోది పింగ్. ఉన్నావా అని అడిగి, ఉన్నాను అనిపించుకునే చిన్న పలకరింపు ఇది. దీన్ని రెండుసార్లు చేయాలి. ముందు సర్వరు నంబరుతో, తర్వాత సర్వరు పేరుతో. నంబరుకు పలికి పేరుకు పలకకపోతే సర్వరులో ఏ లోపమూ లేదు. పేరును నంబరుగా మార్చే పట్టికలో తప్పుంది. ఒక జాగ్రత్త: కొందరు ఈ పలకరింపుకు జవాబివ్వొద్దని సర్వరుకు చెప్పి ఉంచుతారు. పింగ్ రానంత మాత్రాన సర్వరు పోయిందని తేల్చేయకూడదు.

ఐదోది పోర్టు. ఒక సర్వరులో చాలా దుకాణాలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో తలుపు సంఖ్య. ఎన్‌ఎఫ్‌ఎస్ తలుపు 2049. నాలుగో రూపానికి ఇదొక్కటి తెరిచి ఉంటే చాలు. మూడో రూపానికి 111వ తలుపూ కావాలి. ఏ సేవ ఏ తలుపు దగ్గరుందో చెప్పే గుమాస్తా అక్కడ ఉంటాడు. మౌంటుకూ తాళాలకూ మళ్లీ వేరే తలుపులు. ఈ తలుపుల దగ్గర కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టినవారు 2049 ఒక్కటే తెరిచి వదిలేస్తే నాలుగో రూపం నడుస్తుంది, మూడోది నడవదు. "నిన్నటిదాకా వచ్చింది, కొత్త యంత్రంలోనే రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటి వెనక ఈ రూపాల తేడా ఉంటుంది.

నీటి పోలిక ఇక్కడ ఆగిపోతుంది. కాలువలో నీరు ఒక్క దిక్కుకే పారుతుంది. అర్జీ పైకి వెళ్లాలి, జవాబు కిందికి రావాలి. వెళ్లే దారి బాగుండి వచ్చే దారి మూసుకుపోయినా మన కంటికి ఒకేలా కనిపిస్తుంది. అందుకే రెండు కొనల దగ్గరా చూడాలి.

మూడు రకాల "లేదు"

మౌంట్ చేయమని ఆజ్ఞ ఇస్తే వచ్చే జవాబును చాలామంది చదవరు. "ఏదో ఎర్రర్ వచ్చిందండీ" అంటారు. ఆ ఎర్రరులోనే సగం వైద్యం ఉంది.

"కనెక్షన్ టైమ్డ్ అవుట్" అంటే, తలుపు తట్టాం, లోపలి నుంచి చప్పుడే లేదు. సర్వరు ఆగిపోయి ఉండాలి, లేదా మధ్యలో ఫైర్‌వాల్ మన అర్జీలను నోరెత్తకుండా చెత్తబుట్టలో వేస్తుండాలి.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే, ఇంట్లో మనిషి ఉన్నాడు, "దుకాణం తీయలేదు" అని చెప్పి పంపాడు. దారి బాగుంది, సర్వరు బతికే ఉంది, ఎన్‌ఎఫ్‌ఎస్ సేవ మాత్రం నడవడం లేదు. ఇక తీగలు పీకి చూడడం దండగ.

"యాక్సెస్ డినైడ్" అంటే, దుకాణం తీసే ఉంది, ఖాతా పుస్తకంలో మీ పేరు లేదు. ఏ ఫోల్డరు ఏ యంత్రాలకు ఇవ్వాలో సర్వరులో ఒక జాబితా ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోర్ట్స్ ఫైలు అంటారు. సాధారణంగా ఆ జాబితాలో ఉండేవి ఐపీ నంబర్లు. మీ యంత్రానికి నిన్న చివర 25 ఉన్న నంబరు దక్కి, ఇవాళ నంబర్లు పంచే రౌటరు చివర 41 ఉన్నది ఇచ్చిందనుకోండి, సర్వరు కంటికి మీరు కొత్త మనిషి. యంత్రం అదే, మనిషి అదే, తీగ అదే. మారింది నంబరొక్కటే.

ఆ జాబితాను క్లయింటు నుంచే చూడడానికి షోమౌంట్ అనే ఆజ్ఞ ఉంది. నాలుగో రూపం మాత్రమే ఇచ్చే సర్వర్ల దగ్గర అది పలకకపోవచ్చు, అయినా మౌంటు పనిచేస్తుంది. ఇక "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అన్న మాటకు రెండర్థాలున్నాయి. సర్వరులో మీరడిగిన ఫోల్డరు లేకపోవచ్చు. మీ యంత్రంలో అతికించడానికి ఖాళీ ఫోల్డరే లేకపోవచ్చు. రెండోదాన్ని మరిచిపోయి సర్వరు వాళ్లను తిట్టేవాళ్లు ఎక్కువ.

పేరు కాదు, నంబరు

మౌంటు అయింది, ఫోల్డరు కనిపిస్తోంది, ఫైలు తెరవబోతే "పర్మిషన్ డినైడ్". ఇది వేరే కథ. మామూలు భద్రతలో నడిచే ఎన్‌ఎఫ్‌ఎస్‌కు మీ పేరు అక్కర్లేదు, మీ యూజరు నంబరు కావాలి. మీ యంత్రంలో మీది 1001, సర్వరులో అదే 1001 వేరొకరిది అయితే మీ ఫైళ్లు మీకు రావు, వాళ్లవి మీకు వస్తాయి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు మనుషులుంటే రేషను కార్డు నంబరు చూసి తేలుస్తాం. ఇక్కడ నంబరే తారుమారైంది. రెండు చోట్లా నంబర్లు ఒకటే ఉండేలా చూడడమే మందు.

నాలుగో రూపం పేర్లను కూడా వాడుకుంటుంది. పేర్లు కలపలేకపోతే ఫైళ్ల యజమానిగా "నోబడీ" అని చూపిస్తుంది. ఎవరూ కానివాడు అన్నమాట. ఇల్లంతా ఆ పేరే కనిపిస్తే పేర్లు కలపడానికి రెండు యంత్రాల్లోనూ పెట్టిన డొమైన్ పేరు ఒకటో కాదో చూడాలి. మరో వింత: మీ యంత్రంలో మీరు రూట్, అంటే సర్వాధికారి అయినా సర్వరు ఒప్పుకోదు. వేరేగా చెప్పి ఉంచకపోతే, రూట్‌గా వచ్చే ప్రతి ఒక్కరినీ నోబడీగా మార్చేస్తుంది. మన ఊరి సర్పంచి పక్క ఊళ్లో మామూలు మనిషే కదా.

ఇంకొక చిక్కు అరుదుగా వస్తుంది, వస్తే మాత్రం రోజంతా తినేస్తుంది. ఇందాకటి మామూలు భద్రతా పద్ధతిలో ఒక అర్జీతో 16 గ్రూపుల నంబర్లు మాత్రమే పంపొచ్చు. మీరు 20 గ్రూపుల్లో సభ్యులైతే మిగిలిన నాలుగింటి హక్కులు దారిలోనే రాలిపోతాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క ఫోల్డరే రాదు. అప్పుడు గ్రూపులు లెక్కపెట్టండి.

రద్దయిన సర్వే నంబరు

"స్టేల్ ఫైల్ హ్యాండిల్" అనే మాట చూసి భయపడనివాళ్లు లేరు. ఫైలు అడిగినప్పుడు సర్వరు మనకు ఒక గుర్తు చీటీ ఇస్తుంది. ఏ డిస్కు, అందులో ఎన్నో గడి, ఆ గడిలో ఎన్నో తరం అనే వివరం అందులో ఉంటుంది. పొలానికి సర్వే నంబరు లాంటిది. తర్వాత మన పని అంతా ఆ చీటీతోనే, పేరుతో కాదు. ఈలోగా ఎవరో ఆ ఫైలును సర్వరులో తీసేశారు, లేదా డిస్కునే మార్చారు. పేరు పాతదే పెట్టి కొత్త ఫైలు పెట్టినా తరం సంఖ్య మారుతుంది. మన చేతిలో చీటీ రద్దయిన సర్వే నంబరు. దాన్ని పట్టుకుని ఎన్నిసార్లు అడిగినా ఫలితం లేదు. ఆ ఫోల్డరులోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లండి. అప్పటికీ పోకపోతే అతికింపు తీసి మళ్లీ మౌంట్ చేయండి.

దీనికి చిన్న చుట్టం ఉంది. పక్క కుర్చీలో స్నేహితుడు కొత్త ఫైలు పెట్టాడు, మీకు కనిపించడం లేదు. క్లయింటు ప్రతిసారీ సర్వరు దాకా పోకుండా కొంత సమాచారాన్ని దాచుకుంటుంది. లినక్స్‌లో ఫైళ్ల వివరాలను 3 నుంచి 60 సెకన్లు, ఫోల్డర్ల వివరాలను 30 నుంచి 60 సెకన్లు నమ్ముతుంది. నిమిషం ఆగితే కనిపించేది లోపం కాదు.

చిన్న పడవ దాటింది, పెద్దది దాటలేదు

ఒకప్పుడు బందరు కాలువలో పడవలు నడిచేవి. చిన్న పడవ వంతెన కింద దూరిపోతుంది. గడ్డి మోపులు ఎత్తుగా పేర్చిన పడవ అక్కడే ఆగుతుంది. నెట్‌వర్కులోనూ ఈ జబ్బుంది. ఫోల్డరు తెరుచుకుంటుంది, పేర్లన్నీ కనిపిస్తాయి, చిన్న ఫైళ్లు వస్తాయి, పెద్ద ఫైలు కాపీ చేయగానే అంతా బిగుసుకుపోతుంది. మామూలుగా తీగ మీద ఒక్కో మూట 1500 బైట్ల దాకా మోస్తుంది. వేగం కోసం కొందరు సర్వరులో దాన్ని 9000 చేస్తారు. దారిలో ఒక పాత స్విచ్చి 1500కు మించి మోయలేకపోతే పెద్ద మూటలు చడీచప్పుడు లేకుండా పోతాయి. లక్షణం ఎంత వింతగా ఉన్నా వైద్యం తేలిక: దారంతటా ఒకే కొలత పెట్టడం.

తెలుగు పేరు పెడితే

ఇది మన భాషకే వచ్చే చిక్కు. లినక్స్ డిస్కుల్లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. యూనికోడ్ తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు, సున్న, ఒక్కో సంకేతానికీ మూడేసి బైట్లు. "మచిలీపట్నం" అని రాస్తే పది సంకేతాలు, ముప్పై బైట్లు. మొత్తం 85 సంకేతాలకు హద్దు నిండిపోతుంది. విండోస్ డిస్కు లెక్క వేరు, అక్కడ 255 సంకేతాలు పడతాయి. విండోస్‌లో హాయిగా పెట్టుకున్న పొడవాటి తెలుగు పేరు లినక్స్ సర్వరుకు కాపీ చేయబోతే పోదు. "పేరు మరీ పొడుగు" అని యంత్రం అంటుంది, కంటికేమో పొట్టిగానే ఉంటుంది.

ఇంకో మాయ: "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట, వ కలిసి ఒత్తు కాకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం పెడతాం. ఒకరు పొల్లు తర్వాత ఆ సంకేతాన్ని ఒకసారి, ఇంకొకరు పొరపాటున రెండుసార్లు పెడితే, చూడడానికి ఒకటే పేరున్న రెండు ఫైళ్లు పక్కపక్కనే కూర్చుంటాయి. మూడో రూపం ఎన్‌ఎఫ్‌ఎస్‌కు పేరంటే బైట్ల వరసే, అందులో ఏ భాషుందో దానికి పట్టదు.

కరెంటు వచ్చాక

మన ప్రాంతంలో గాలివాన రోజుల్లో కరెంటు పోవడం, రావడం మామూలే. వచ్చిన క్షణాన ముప్పై యంత్రాలూ ఒకేసారి లేస్తాయి. సర్వరు మాత్రం డిస్కులు సరిచూసుకుని నింపాదిగా లేస్తుంది. ముందే లేచిన క్లయింటు మౌంటుకు ప్రయత్నించి, దొరకక, వదిలేస్తుంది. ఇప్పుడు అసలు ఫోల్డరు ఉండాల్సిన చోట అతికించడానికి పెట్టుకున్న ఖాళీ ఫోల్డరు కనిపిస్తుంది. "ఫైళ్లన్నీ పోయాయి సార్!" అని గగ్గోలు. ఏమీ పోలేదు, నీరు ఇంకా రాలేదంతే.

ఇంతకన్నా చెడ్డది ఇంకొకటి జరుగుతుంది. ఆ ఖాళీ ఫోల్డరులోనే ఎవరో రోజంతా పనిచేసి దాచుకుంటారు. మర్నాడు మౌంటు అవుతుంది, నిన్నటి పని దాని కింద కప్పబడిపోతుంది. అతికింపు తీస్తే దొరుకుతుంది, తెలియనివాళ్లకు మాయమైనట్టే. ఫోల్డరు ఖాళీగా కనిపిస్తే ముందు మౌంట్ అయిందో లేదో చూడండి, ఆ తర్వాతే రాయండి. ఫోల్డరును ఎవరో తాకినప్పుడు మాత్రమే మౌంట్ చేసే ఆటోమౌంట్ పద్ధతి పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

విండోస్ వాళ్ల దారి

ఆఫీసుల్లో, డీటీపీ షాపుల్లో ఫైళ్లు పంచుకునేది ఎక్కువగా విండోస్ వాళ్ల ఎస్‌ఎమ్‌బీ పద్ధతిలో. నడక అదే, తలుపు మాత్రం 445. ఈ పద్ధతి మొదటి రూపంలో ఉన్న కన్నం గుండా 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పుడు వార్తలొచ్చాయి. ఆ కన్నం పూడ్చే మందును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. ఎక్కువగా దెబ్బతిన్నది దాన్ని వేసుకోనివాళ్లే.

ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేటు నుంచి పాత మొదటి రూపాన్ని మైక్రోసాఫ్ట్ మామూలుగా పెట్టడం మానేసింది. అందుకే కొత్త కంప్యూటరు కొనగానే పాత సర్వరులోని ఫోల్డరు, పాత స్కానరు పంపే కాగితాలు కనిపించకుండా పోతుంటాయి. ఎవరో ఒకరు వచ్చి పాత రూపాన్ని మళ్లీ తెరిచిపెడతారు, పనైపోతుంది, అందరూ సంతోషిస్తారు. గండి పడ్డ గట్టును పూడ్చాక, చేపల కోసం మళ్లీ తవ్వడం లాంటిదది. సరైన మందు పాత సర్వరును మార్చడమే.

నడకకు నియమాలు

ఇంత దూరం నడిచాక మిగిలేవి నాలుగు మాటలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్చి పని అయితే ఏది మందో తెలియదు, వచ్చే వారం అదే జబ్బు వస్తే మళ్లీ మూడూ మింగాలి. యంత్రం చెప్పిన మాటను ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకోండి. "ఏదో ఎర్రర్" అని చెబితే ఎవరూ సాయం చేయలేరు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో అడగండి. కొత్త రౌటరా, కొత్త తీగా, కరెంటు పోయి వచ్చిందా? పాడైపోయే వాటికన్నా ఎవరో మార్చేసినవే ఎక్కువ.

చివరి మాట ఆ మూలనున్న అమ్మాయికి. తెర కదలకపోతే ఆపే బటను మీద చెయ్యి వేయకు. పక్కమ్మాయిది కదులుతోందో లేదో చూడు, తీగ దగ్గర దీపం చూడు, తెరమీద ఏం రాసుందో చదివి నోటు పుస్తకంలో రాసుకో. ఆ తర్వాతే సార్‌ను పిలువు.